కొత్త కంప్యూటర్‌కి తొంభై అయిదు వేషం

అడుగున బూడిద రంగు టాస్క్‌బార్, ఎడమ మూల స్టార్ట్ బటన్, వెనకాల నీలం కలిసిన ఆకుపచ్చ. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95ని వాడినవాళ్లు ఆ తెరను ఒక్క చూపులో పోల్చుకుంటారు. ఇప్పుడదే తెర నిన్నగాక మొన్న కొన్న లాప్‌టాప్‌ల మీదా కనిపిస్తోంది. చిత్రమేమిటంటే చాలాసార్లు లోపలున్నది విండోసే కాదు, లినక్స్.

ఈ వేషం వేయించే ఉచిత థీమ్ పేరు షికాగో95. విడుదలకు ముందు విండోస్ 95కి మైక్రోసాఫ్ట్‌లో ఉన్న సంకేతనామమే షికాగో. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ మీద దీన్ని ఎక్కిస్తే విండోల అంచులు, ఐకాన్లు, మౌస్ బాణం అన్నీ పాత రూపంలోకి వచ్చేస్తాయి. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు మోగే ఆనాటి సంగీతం కూడా పెట్టుకోవచ్చు. దాన్ని కట్టింది బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో. అది కూడా మైక్రోసాఫ్ట్‌కి పోటీ అయిన ఆపిల్ వారి మాక్ మీద చేశానని ఆయనే తర్వాత చెప్పారు!

అప్పటి చాలా కంప్యూటర్లు చూపగలిగే రంగులు తక్కువ. కనీస స్థాయి తెరకైతే 16 రంగులే. ఆ బూడిద, ఆ నీలాకుపచ్చ అందులోవే. ఆ కొద్దిపాటి రంగులతో చేసిన పనితనాన్ని బటన్ దగ్గర చూడాలి. పైన, ఎడమన తెల్ల గీత. కింద, కుడిన ముదురు గీత. పైనుంచి వెలుతురు పడుతున్నట్టు బటన్ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నొక్కగానే గీతలు తారుమారై లోపలికి దిగినట్టుంటుంది. ఏది నొక్కాలో, ఏది వట్టి అక్షరమో ఎవరూ చెప్పనక్కర్లేదు. అంతా చదునుగా ఉండే నేటి తెరల్లో ఆ సుఖం తగ్గింది. పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క విషయం ఒప్పుకోక తప్పదు.

లినక్స్ కాక విండోస్‌లోనే ఈ రూపం కావాలంటే, దాన్నిచ్చే క్లాసిక్ థీమ్ విండోస్ 7 దాకా అందులోనే ఉండేది, విండోస్ 8లో తీసేశారు. ఇప్పుడు ఓపెన్-షెల్ అనే ప్రోగ్రామ్‌తో పాత స్టార్ట్ మెనూ, రెట్రోబార్ అనే దానితో పాత టాస్క్‌బార్ తెచ్చుకోవచ్చు. విండోల అంచులు మాత్రం అంత తేలిగ్గా లొంగవు.

తెలుగువారికి ఇంకో తిరకాసుంది. ఆనాటి ఎమ్మెస్ శాన్స్ సెరిఫ్ ఫాంటులో తెలుగు లేదు. విండోస్‌లోకి తెలుగు యూనికోడ్ గౌతమి ఫాంటుతో వచ్చింది ఎక్స్‌పీ కాలంలోనే. అందుకని ఈ వేషంలో ఫైలుకు తెలుగు పేరు పెడితే అక్షరాలు వేరే కొత్త ఫాంటులోంచి వస్తాయి: ఇంగ్లిష్ మెట్లుమెట్లుగా, పక్కనే తెలుగు నున్నగా.

అంత ముచ్చటగా ఉంటే అసలు విండోస్ 95నే ఎక్కించుకోవచ్చుగా అంటారేమో. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2001 డిసెంబరు 31తో ఆగిపోయింది; ఇంటర్నెట్‌కు కలపడం ప్రమాదం. థీమ్ పైపూత మాత్రమే కాబట్టి కింద భద్రతా అప్‌డేట్లు యథావిధిగా వస్తాయి. సరదాపడేవాళ్లు ముందు ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు తీసుకుని, వేరే యూజర్ ఖాతా తెరిచి అందులో వేసి చూసుకోండి.