డిస్కు పోయినా ఫొటోలు పోకూడదంటే..!

రెండేళ్లకోసారి ఊరెళ్లే మనకు పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియోలే ఆస్తి. పాస్‌పోర్టు కాపీలు, జీతం స్లిప్పులూ అంతే. ఇవన్నీ నాలుగు డిస్కుల పెట్టెలో దాచి, ‘ఒకటి పోయినా మిగతావి కాపాడతాయిలే’ అని ధీమాగా ఉంటాం. అది కొంతవరకే నిజం!

లెక్క ఇదీ

ఈ పద్ధతి పేరు రెయిడ్. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ దీన్ని వివరిస్తూ పత్రం వెలువరించారు. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ ఉంటుంది. రెయిడ్ 0లో ఒక్కటి పోతే అంతా పోయినట్టే. ఎక్కువ మంది వాడే రెయిడ్ 5కి కనీసం 3 డిస్కులు కావాలి.

గదిలో ముగ్గురం 200, 300, 500 దిర్హమ్‌లు వేసి, మొత్తం 1000 అని నాలుగో చీటీపై రాశామనుకోండి. ఒక చీటీ పోయినా తీసివేతతో చెప్పేస్తాం. రెండు పోతే చేసేదేం లేదు. రెయిడ్ 5 కూడా దాదాపు ఇంతే.

ఒకటి పోతే...

ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే కొత్త డిస్కు వేయండి. ‘రీబిల్డ్’ గంటలకొద్దీ నడుస్తుంది, మిగిలిన డిస్కులన్నీ మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఒకేరోజు కొన్న పాతవైతే ఆ ఒత్తిడికి ఇంకోటి కూడా పోవచ్చు. పాడైన డిస్కు సీరియల్ నంబరు చూసుకునే బయటికి లాగండి. మంచిదాన్ని లాగితే కొంప మునుగుతుంది. కొత్తది అంతే సైజు, లేదా పెద్దది ఉండాలి.

రెండు పోతే...

వెంటనే కరెంటు ఆపేయండి. ‘ఇనీషియలైజ్’, ‘ఫార్మాట్’ అని అడిగితే ఒప్పుకోవద్దు. ఏ డిస్కు ఏ అరలోదో నంబర్లు రాసుకోండి. తెలిసినవాళ్లు ముందు ప్రతి డిస్కుకూ పూర్తి నకలు తీసి, ఆ నకళ్ల మీదే పని చేస్తారు. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఇందుకే ఉంది. టకటకమని శబ్దం వస్తుంటే మాత్రం ముట్టుకోకండి, మూత అసలే విప్పకండి. అది దుమ్ము లేని ల్యాబులో చేసే పని. డిస్కులు బాగుండి పెట్టె మాత్రమే చెడితే కంగారు వద్దు. చాలా పెట్టెలు లైనక్స్‌తోనే నడుస్తాయి కాబట్టి, ఆ డిస్కులను లైనక్స్ కంప్యూటరుకు తగిలించి చదివే వీలుంటుంది.

అసలు మందు

రెయిడ్ బ్యాకప్ కాదు! పొరపాటున చెరిపినా, వైరస్ సోకినా, పెట్టె దొంగల పాలైనా అన్ని డిస్కులూ ఒకేసారి పోతాయి. అందుకే ఇంకో కాపీ విడి డిస్కులో పెట్టి, ఈసారి సెలవుకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఇచ్చి రండి. ఇచ్చేముందు ఒకసారి తెరిచి చూసుకోండి మరి!