జ్వరం బడికెళ్లొద్దు!

సోమవారం పొద్దున ఎనిమిదిన్నర. చిన్నోడి ఒళ్లు వెచ్చగా ఉంది. ముక్కు కారుతోంది. ‘ఈరోజు యూనిట్ టెస్టు కదా... మాత్ర వేసి పంపిద్దాంలే’ అంటుంది అమ్మ. మాత్రకి జ్వరం దిగుతుంది. పిల్లాడు ఆటో ఎక్కుతాడు. ఆటోలో డజను మంది! గురువారానికల్లా అందులో నలుగురు తగ్గుతారు. శనివారానికి టీచరమ్మకి దగ్గు. ఆ పై ఆదివారానికి ఇంట్లో అవ్వ మంచం దిగదు.

హిందూపురమైనా, పెనుకొండైనా, ధర్మవరమైనా... ఫ్లూ కథ చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది.

రైలెక్కి వస్తుంది!

ఈ మూడు ఊళ్లనీ కలిపేది బెంగళూరు రైలు. హిందూపురం నుంచి ఆ మహానగరం వంద కిలోమీటర్ల దూరం. చదువులకీ, కొలువులకీ, సరుకులకీ వెళ్లొచ్చే జనంతో పెట్టెలు కిటకిటలాడుతుంటాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. వాళ్లందరితోపాటు టికెట్టు లేకుండా ప్రయాణించేది వైరస్. దానికిది కొత్తేం కాదు. 1918లో బొంబాయిలో అడుగుపెట్టిన ఇన్‌ఫ్లుయెంజా రైలు దారులు పట్టుకునే దేశమంతా పాకింది. ఆ ఒక్క విడతలో మనదేశంలో కోటి మందికి పైగా చనిపోయారన్నది చరిత్రకారుల అంచనా.

2009లో స్వైన్‌ఫ్లూ వచ్చింది విమానంలో. దేశంలో తొలి కేసు నిర్ధారణ అయింది మన హైదరాబాద్‌లోనే, ఆ ఏడాది మే 16న. ఆగస్టులో పుణెలో ఓ బడిపిల్ల చనిపోయింది. దేశంలో అదే మొదటి స్వైన్‌ఫ్లూ మరణం. అక్కడ స్కూళ్లు మూసేశారు. ఇంటింటా మాస్కుల మాటే. ఆ భయం పోయింది కానీ వైరస్ పోలేదు. అదే ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూల్లో ఒకటైపోయింది. మనదేశంలో దానికి రెండు సీజన్లు: జనవరి నుంచి మార్చి వరకూ ఒకటి, వానల కాలంలో ఇంకోటి.

ఒక్కడి నుంచి 512 మందికి

బడిలో ఇది ఎంత వేగంగా పాకుతుందో చెప్పడానికి వైద్యులు ఇప్పటికీ ఓ పాత ఉదాహరణ తీస్తారు. 1978 జనవరి. ఇంగ్లండ్‌లో ఓ మగపిల్లల హాస్టల్ స్కూలు. సెలవులకి హాంకాంగ్ వెళ్లొచ్చిన ఓ కుర్రాడికి జ్వరం తగిలింది. అంతే... రెండు వారాలు తిరిగేసరికి 763 మందిలో 512 మంది మంచమెక్కారు! మన గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో, ప్రైవేటు కాలేజీల హాస్టళ్లలో మంచాలు ఎంత దగ్గరగా ఉంటాయో తలచుకుంటే ఆ లెక్క మనకీ వర్తిస్తుందనే అనిపిస్తుంది.

ఎందుకంత వేగం? ఫ్లూ సోకినవాళ్లు జ్వరం బయటపడటానికి ఒకరోజు ముందు నుంచే వైరస్‌ని వెదజల్లుతారు. ఆ తర్వాత మరో అయిదారు రోజులు. చిన్నపిల్లలైతే ఇంకొన్నాళ్లు. మాత్రతో జ్వరం తగ్గినట్టు కనిపించినా లోపలి వైరస్ ఎక్కడికీ పోదు. కాబట్టి మందు వేయకుండానే ఇరవైనాలుగు గంటలపాటు జ్వరం లేకుండా ఉంటేనే పిల్లల్ని బడికి పంపాలి. అసలు చిక్కంతా ఇక్కడే. వందశాతం హాజరుకి ప్రైజులిచ్చే బడులు ఇంకా ఉన్నాయి. జ్వరంతో వచ్చి కూర్చున్న పిల్లాడిని చప్పట్లు కొట్టి మెచ్చుకోవడమంటే మిగతా క్లాసు మీద జాలి లేకపోవడమే!

మగ్గం ఇంట్లో ఎలా?

‘జ్వరమొచ్చినవాళ్లని వేరే గదిలో ఉంచండి’ అని చెప్పడం తేలికే. ధర్మవరంలో చాలా నేత ఇళ్లలో ఉన్న ఒక్క పెద్ద గదినీ గుంతమగ్గమే ఆక్రమిస్తుంది. నాన్న మగ్గంలో, అమ్మ కండెలు చుడుతూ, పక్కనే పిల్లల పుస్తకాలు, ఆ మూల అవ్వ మంచం. నేసేవాళ్లకి జ్వరమొస్తే ఆ వారం చీర దిగదు, కూలీ రాదు. అలాంటి ఇంట్లో ఫ్లూని ఆపడమంటే కడుపు నిండే విషయం కూడా.

గది లేకపోయినా దూరం ఉంటుంది. జ్వరం ఉన్నవాళ్ల పక్క కిటికీ దగ్గరికి మార్చాలి. పగలంతా కిటికీ, తలుపులు తెరిచే ఉంచాలి. అవ్వాతాతల పక్క దానికి వీలైనంత ఎడంగా వేయాలి. ముఖ్యంగా మనవల్ని పక్కలో వేసుకుని పడుకునే అలవాటుని ఆ వారం రోజులూ మానాలి. అవ్వలు ఒప్పుకోరు, నిజమే! కానీ ఫ్లూ న్యుమోనియాగా ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉండేది వాళ్లకే. పసిపిల్లలకీ, గర్భిణులకీ, షుగరూ ఆయాసం ఉన్నవాళ్లకీ అంతే. రోగికి సేవలు ఒక్కరే చేయాలి, మూతికి మాస్కు కట్టుకుని. ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాలు, చెంబెత్తి తాగిన నీళ్లే మరొకరు తాగడం... ఇవి వద్దు. తలుపు గొళ్లెం, ఫోను, టీవీ రిమోట్ లాంటి గట్టి వస్తువుల మీద వైరస్ ఒకటి రెండు రోజులు బతకగలదు. వాటిని తుడవాలి, సబ్బుతో చేతులు కడగాలి.

మిరియాల కషాయం గొంతుకి హాయినిస్తుంది, తాగొచ్చు. అది వైరస్‌ని చంపదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ కూడా చంపదు. పిల్లలకి ఆస్పిరిన్ అస్సలు ఇవ్వకూడదు. రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక సమస్య రావచ్చు. వానాకాలం జ్వరం డెంగీ కూడా కావచ్చు కాబట్టి పారాసెటమాల్ దాటి సొంతవైద్యం వద్దు. ఫ్లూకి పనిచేసే మందు ఒసెల్టామివిర్. డాక్టరు రాస్తేనే వాడాలి, రెండు రోజుల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ.

మనవడికి సూది... తాతకి రక్ష

జపాన్‌లో 1960ల నుంచి బడిపిల్లలకి ఫ్లూ టీకా వేసేవారు. 1987 తర్వాత తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారు, 1994లో కార్యక్రమాన్నే ఆపేశారు. తర్వాత లెక్కలు తీస్తే టీకాలు తగ్గాక వృద్ధుల మరణాలు పెరిగాయి. పిల్లలకి వేసిన టీకాలు ఏటా 37 వేల నుంచి 49 వేల ప్రాణాలు కాపాడాయని 2001లో అచ్చయిన పరిశోధన అంచనా.

మనదగ్గర ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో లేదు. డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఆర్నెల్లు దాటిన పిల్లల నుంచి ముసలివాళ్ల వరకూ ఏటా ఒకసారి, వానలకి ముందైతే మంచిది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారి మాత్రం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. అందరికీ వేయించే స్తోమత లేకపోతే అవ్వాతాతలు, గర్భిణి, పసిబిడ్డ... ఎవరికి ముందన్నది డాక్టరుతో మాట్లాడుకోవాలి.

టీకా లేకపోయినా జాగ్రత్తలు తక్కువేం కాదు. 2020లో కోవిడ్ భయంతో లోకమంతా మాస్కు కట్టి, చేతులు కడిగి, బడులు మూసేస్తే... ఫ్లూ దాదాపు మాయమైంది. బి/యమగాటా అనే రకమైతే ఆ మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు. దాన్ని టీకాల్లోంచి తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో చెప్పింది. బడులు మూయక్కర్లేదు. కిటికీలు తెరిచి, కుళాయి దగ్గర సబ్బు పెట్టి, దగ్గే పిల్లాణ్ని విడిగా కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేసినా చాలా తేడా ఉంటుంది. దగ్గుతూనే పాఠం చెప్పే మేష్టారికీ అదే వర్తిస్తుంది!

ఇక ఆగకూడని సందర్భాలు. ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పిల్లలు నీళ్లు తాగక, మూత్రం పోయక మగతగా పడుకున్నా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టి దగ్గు ఎక్కువైనా... తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయాలి.