యాభై నాలుగేళ్ల పంతులుకు పరీక్ష

పార్లమెంటు శీతకాల సమావేశాలు ప్రారంభమైన వారంలో, అంటే 2025 డిసెంబరు తొలి రోజుల్లో, ఆంధ్రాభవన్ భోజనశాలలో ఒక మాస్టారు పరిచయమయ్యారు. శ్రీకాకుళం జిల్లా నుంచి తోటి ఉపాధ్యాయులతో కలిసి రాజధానికి వచ్చారు. ఎంపీలను కలుసుకుని వినతిపత్రాలు సమర్పించడం వారి పని. ఆయన చేతిసంచిలో ఆ కాగితాలతో పాటు అట్ట చిరిగిన గైడు పుస్తకం ఒకటి కనిపించింది. "మీ అబ్బాయి కోసమా మాస్టారూ?" అని అడిగాను. "కాదండీ, నాకే" అన్నారు కాస్త సిగ్గుపడుతూ.

ఆయన వయస్సు 54. 1998 డీఎస్సీలో పోటీపరీక్ష నెగ్గి ఉద్యోగంలో చేరారు. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు పంతుళ్లే. వారిద్దరూ టెట్ ప్యాసయ్యారు. గురువుగారు ప్యాసు కావలసి వున్నది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు దీపాంకర్ దత్తా, మన్మోహన్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు సారాంశం పాఠకులకు గుర్తుండే వుంటుంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకూ బోధించే ఉపాధ్యాయులు, ఎప్పుడు నియమితులైనా సరే, ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావలసిందే. పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువు వున్నవారు రెండేళ్లలోగా ప్యాసు కావాలి. కాకపోతే ప్రయోజనాలు పుచ్చుకుని నిర్బంధంగా విరమించాలి. అయిదేళ్లలోపు వున్నవారు పరీక్ష లేకుండానే కొనసాగవచ్చును, అయితే పదోన్నతి ఆశ వదులుకోవాలి. అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థల విషయం మాత్రం విస్తృత ధర్మాసనానికి నివేదించారు.

తీర్పును తప్పుపట్టడం సులభం. కాని న్యాయమూర్తులు శూన్యం నుంచి దీనిని సృష్టించలేదు. దీని విత్తనాలు పార్లమెంటులోనే వున్నవి. 2002లో 86వ రాజ్యాంగ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. దానికి చట్టరూపమిచ్చే బిల్లును 2009 జులై 20న రాజ్యసభ, ఆగస్టు 4న లోక్‌సభ ఆమోదించాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. ఉపాధ్యాయుల కనీస అర్హతలను నిర్ణయించే అధికారాన్ని 23వ సెక్షను ఒక విద్యాసంస్థకు అప్పగించింది. ఆ అధికారంతో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010 ఆగస్టు 23న టెట్‌ను ప్రవేశపెట్టింది. అదే ప్రకటనలో, అంతకు పూర్వం నిబంధనల ప్రకారం నియమితులైనవారు ఈ అర్హత సంపాదించనవసరం లేదని కూడా రాసింది. మన మాస్టారు వంటివారు పదిహేనేళ్లపాటు నిశ్చింతగా నిద్రపోయింది ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకునే.

ఇక 2017. ఆ సంవత్సరం చట్టానికి ఒక చిన్న సవరణ తెచ్చారు. 2015 మార్చి 31 నాటికి ఉద్యోగంలో వుండి కనీస అర్హతలు లేనివారు నాలుగేళ్లలోగా వాటిని సంపాదించాలన్నది దాని సారాంశం. సభలో ఆనాడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చింది శిక్షణ లేని ఉపాధ్యాయుల సంగతి. వారందరికీ దూరవిద్య ద్వారా డిప్లొమా ఇప్పించాలన్నది సర్కారు సంకల్పం. పదమూడు లక్షలకు పైగా ఉపాధ్యాయులు పేర్లు నమోదు చేసుకున్నారు కూడా. "కనీస అర్హతలు" అన్న మాటలో టెట్ కూడా ఇమిడి వున్నదని, ఆ గడువు 2019లోనే దాటిపోయిందని ఎనిమిదేళ్ల తర్వాత కోర్టు చెప్పవలసి వచ్చింది. చట్టం చేసేవారు ఒక్కో మాటను ఎంత తూచి వాడాలో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర్లేదు. సెంట్రల్ హాలులో ఒక పాత సభ్యుడిని ఈ సంగతి అడిగితే, "బిల్లు నాకు గుర్తుంది గాని, ఇది గుర్తులేదు" అన్నారు నిజాయితీగా.

గడువు లెక్కలో మరొక విచిత్రం వున్నది. అయిదేళ్ల గీత అందరికీ ఒకటే, విరమణ వయస్సు ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో దానిని 62కి పెంచారు. తెలంగాణలో 61. తమిళనాడులో 60. కేరళలో పాత పెన్షను విధానంలో వున్నవారికి 56. తీర్పు వెలువడిన నాటికి 52 యేళ్ల వయస్సున్న కేరళ ఉపాధ్యాయినికి నాలుగేళ్ల సర్వీసే మిగిలివుంది కనుక పరీక్ష బాధ లేదు. అదే వయస్సు గల ఆంధ్ర ఉపాధ్యాయినికి పదేళ్లున్నాయి కనుక పరీక్ష తప్పదు. ఆంధ్రలో 56 దాటినవారికీ తప్పదు. విరమణ వయస్సు పెంచినప్పుడు మిఠాయిలు పంచుకున్నవారే ఇప్పుడు ఆ రెండేళ్లను తిట్టుకుంటున్నారు. ఒకే దేశం, ఒకే బాలల హక్కు, ఒకే పరీక్ష అన్న సూత్రం రాష్ట్రాల సరిహద్దుల దగ్గర ఇలా వంకరలు పోయింది.

పరీక్ష అసలు వద్దనడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో సుమారు 90 శాతం ప్రైవేటువేనని, వాటి ప్రమాణాలు శోచనీయంగా వున్నాయని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే చెప్పింది. కేంద్రం నిర్వహించే సీటెట్‌లో 2012 నవంబరులో ఉత్తీర్ణులైనవారు ఒక్క శాతం కూడా లేరు. శిక్షణ పట్టాలు పుచ్చుకుని వచ్చినవారి గతి అది. కొత్తగా బడిలో అడుగుపెట్టేవారికి ఒక వడపోత వుండాలనడంలో న్యాయం వున్నది. పేదవాడి పిల్లకు మంచి అయ్యవారు దొరకడం హక్కే. కాని పట్టాలమ్ముకున్న కళాశాలలను పెద్దగా పట్టించుకోని ప్రభుత్వాలు, పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషిని 150 ప్రశ్నల కాగితం ముందు కూర్చోబెట్టి అతని యోగ్యతను తేల్చడం ఏపాటి సంస్కరణ? ఒక పంతులు తరగతిలో ఎలా బోధిస్తున్నాడో తెలుసుకోవాలంటే తరగతిలోకి వెళ్లి చూడాలి. దానికి తనిఖీ అధికారులు కావాలి, తీరిక కావాలి, ఖర్చు కావాలి. ప్రశ్నపత్రం చవక.

ఉత్తరప్రదేశ్ ఈ చేదు ముందే రుచి చూసింది. అక్కడ శిక్షామిత్రలుగా చాలీచాలని పారితోషికం మీద పనిచేస్తున్నవారిలో లక్షా 37 వేల మందిని సహాయోపాధ్యాయులుగా క్రమబద్ధీకరించారు. టెట్ లేదన్న కారణంగా ఆ నియామకాలు చెల్లవని అలహాబాదు హైకోర్టు 2015లో చెప్పగా, సుప్రీంకోర్టు 2017 జులై 25న దానిని ఖాయపరచింది. పూర్తి జీతం అందుకున్నవారు నెలకు పదివేల రూపాయల గౌరవ వేతనానికి దిగిపోయారు. చవకగా వస్తారని వారిని బడుల్లోకి పిలిచింది ప్రభుత్వమే. నష్టం మాత్రం వారి వాటా అయింది.

చదువుకోవడానికి పంతులుకు సమయం ఏదీ? విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ఉపాధ్యాయులకు బోధనేతర పనులు అప్పగించరాదంటూనే జనాభా లెక్కలను, విపత్తు సహాయాన్ని, ఎన్నికలను మినహాయించింది. ఆ మూడూ కలిస్తే ఇక మిగిలేది ఎంత? 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా బోధనతో సంబంధం లేని పనులకు వారిని వాడుకోబోమన్నది, ఏటా 50 గంటల శిక్షణ పొందాలని కూడా అన్నది. బోధన దినాలలో ఉపాధ్యాయులను మామూలుగా ఎన్నికల పనికి పంపరాదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. అయినా 2025 నవంబరు నుంచి ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ మొదలైన చోట్ల ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణలో ఇల్లిల్లూ తిరిగిన బూత్ అధికారుల్లో ఉపాధ్యాయులు విస్తారంగా వున్నారు. కొందరు ఆ ఒత్తిడికి ప్రాణాలు కోల్పోయారన్న వార్తలూ వచ్చినవి. మాస్టారు ఢిల్లీలో వున్న వారంలోనే, డిసెంబరు 4న, అదనపు సిబ్బందిని నియమించి వారి భారం తగ్గించవలసిందని కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. జనాభా లెక్కలకు నిర్ణయించిన కాలపట్టిక చూడండి: ఇళ్ల నమోదు 2026 ఏప్రిల్, సెప్టెంబరుల మధ్య, జనగణన 2027 ఫిబ్రవరిలో. టెట్ గడువు ముగిసేది 2027 ఆగస్టు ఆఖరుకు. పగలు గణన, రాత్రి గైడు. బతకలేక బడిపంతులన్న సామెత మనవాళ్లు ఊరికే పుట్టించలేదు.

ఉత్తరప్రదేశ్, తమిళనాడు సహా కొన్ని రాష్ట్రాలు తీర్పును పునస్సమీక్షించవలసిందని 2025లోనే కోర్టు తలుపు తట్టాయి. అంతకంటె సూటి మార్గం పార్లమెంటు చేతిలోనే వున్నది. 2010 నాటి ప్రకటనలోని మినహాయింపు వాక్యాన్ని 23వ సెక్షనులో చేరిస్తే సరిపోతుంది. 2017లో అస్పష్టంగా రాసిన దానిని స్పష్టంగా రాయడం సభకు అవమానమేమీ కాదు.

మాస్టారు చివరికి ముగ్గురు ఎంపీలను కలుసుకోగలిగారు. ముగ్గురూ మర్యాదగా విన్నారట, కాఫీ ఇప్పించారట. "సభ వాయిదా పడేలోగా ఎవరైనా మా మాట ఎత్తుతారంటారా అండీ?" అని అడిగారు నన్ను. ప్రశ్నోత్తర కాలంలో గొడవలు జరగకపోతే ఎత్తవచ్చునన్నాను. ఆయన తలూపి, ఏపీ ఎక్స్‌ప్రెస్‌కు వేళవుతున్నదని లేచారు. విశాఖ చేరేలోగా శిశు వికాసం అధ్యాయం పూర్తిచేయాలట. ముప్పై మార్కులు దానికే.