పానా నంబరు మర కొలత కాదు

మా దగ్గర చదువుకొని మెకానిక్ షెడ్డులో పనికి చేరిన పిల్లలు కనిపిస్తే మేము ఒక ప్రశ్న అడుగుతుంటాము: "17 నట్టు అంటే ఏమిటి?" చాలామంది "17 పానా పట్టే నట్టు" అంటారు. అది నిజమే, కానీ లోపలి మర కొలత అందులో లేదు. 10 మి.మీ. బోల్టుకూ, 12 మి.మీ. బోల్టుకూ కూడా 17 పానా పట్టవచ్చు. కారు సస్పెన్షన్ విప్పినప్పుడు ఈ తేడా తెలియకపోతే ప్రమాదం.

మరకు రెండు కొలతలు. ఒకటి బోల్టు బయటి వ్యాసం. రెండోది పిచ్, అంటే ఒక మర అంచు నుంచి పక్క అంచుకు దూరం. 12 మి.మీ. బోల్టులు 1.25, 1.5, 1.75 పిచ్‌లలో దొరుకుతాయి. చూపుకు మూడూ ఒకటే.

ముందుగా కిరోసిన్, వైరు బ్రష్‌తో మరను శుభ్రం చేయాలి. అరగని చోట వెర్నియర్‌తో వ్యాసం చూడాలి. 11.8, 11.9 వస్తే అది 12 బోల్టే. తరువాత 11 అంచులు లెక్కపెట్టాలి. వాటి మధ్య ఖాళీలు పది. బడిలో చెప్పే చెట్ల వరుస లెక్క ఇదే. ఆ పది ఖాళీల పొడవు 12.5 మి.మీ. అయితే పిచ్ 1.25, 15 అయితే 1.5, 17.5 అయితే 1.75. బాల్ జాయింట్ మర పొట్టిగా ఉంటే ఐదు ఖాళీలు కొలిచి ఐదుతో భాగించాలి. పిచ్ గేజ్ ఉంటే దాని పళ్లు మరలో కూర్చోవాలి, సందులో వెలుతురు కనబడకూడదు.

పాత అంబాసిడర్ వంటి బండ్లలో అంగుళాల మరలు ఉంటాయి. అంగుళానికి 20 చుట్లున్న అర అంగుళం బోల్టు పిచ్ 1.27 మి.మీ. గేజ్‌కు అది 1.25 లాగే తోస్తుంది. వ్యాసం 12.7 దగ్గర ఉండటమే గుర్తు. కొన్ని టై రాడ్లకు ఒక కొన ఎడమ మర అని కూడా మరువరాదు.

పిచ్ తప్పిన నట్టు చేతితో ఒకటి రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. అక్కడ పానాతో బలం పెడితే మర కోసుకుపోతుంది. నట్టు బిగిసినట్లే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. దారిలో బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు వాలి బండి అదుపు తప్పుతుంది. నైలాన్ నట్టు కూడా మొదటి చుట్లు చేతితోనే ఎక్కాలి; చివర మాత్రమే బిగువు రావాలి.

షెడ్డు యజమానులకు మా మనవి ఒకటే: "ఉస్తాద్, ఇది ఎక్కడం లేదు" అన్న పిల్లవాణ్ణి కసరకండి. వెర్నియర్ చేతికివ్వండి.