కొత్తపట్నం ఇసుకలో చైనా పెంకులు - బడి తెరపై వాటి కథ

గూడూరు: సాంఘిక శాస్త్రంలో చైనా ప్రస్తావన వచ్చిందంటే పిల్లలకు గండమే. నోరు తిరగని రాజవంశాల పేర్లు, గుర్తుండని సంవత్సరాలు. పరీక్ష రాసి బయటికి రాగానే అన్నీ మరుపే. కానీ ఆ చైనా జాడ ఇక్కడికి దగ్గరలోనే ఉంది. గూడూరుకు తూర్పున, కోట ప్రాంతంలోని సముద్రతీర గ్రామం కొత్తపట్నం ఇసుకలో ఉంది.

కొత్తపట్నం తవ్వకాలలో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. జపాను చరిత్రకారుడు నొబొరు కరషిమా బృందం దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను ఇటువంటి పెంకులను వెదికి పరిశీలించి 2004లో గ్రంథం ప్రచురించింది. అందులో కొత్తపట్నానికీ చోటు దక్కింది. ఇక్కడి పెంకులు ముఖ్యంగా 13, 14 శతాబ్దాల నాటివి. నెల్లూరులో తిక్కన సోమయాజి భారతం రచించింది 13వ శతాబ్దంలోనే. ఓడ వర్తకులకు భరోసా ఇస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించిందీ ఆ శతాబ్దంలోనే.

పెంకును చేతిలో పెట్టి ఇది చైనాది అంటే పిల్లలకు నమ్మకం కుదరదు. ఇక్కడే ఇంటర్నెట్‌లోని బొమ్మలు అక్కరకు వస్తాయి. చైనాలోని లాంగ్‌చువాన్ ఊరు పచ్చపూత పింగాణీకి పేరు పొందింది. అక్కడి పాత్రల ఫొటోలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లలో పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. కొండవాలు మీద పామువలె సాగిన అక్కడి పొడవాటి ఆవాల బొమ్మలూ దొరుకుతాయి. మన కుండకు ఎరుపునిచ్చే ఇనుమే అక్కడి పాత్రకు పచ్చదనాన్ని ఇస్తుంది. గాలి బాగా ఆడే ఆవంలో ఇనుము ఎర్రబడుతుంది. గాలిని అదుపు చేసి గట్టిగా కాలిస్తే పూతలోని ఇనుము పచ్చబారుతుంది. కుమ్మరి ఇంటి పిల్లవాడికి ఈ పాఠం చిటికెలో అర్థమవుతుంది.

అంతకంటె విశేషం మరొకటి ఉంది. చైనా తూర్పు తీరంలోని చువాన్‌జౌ రేవులో దక్షిణ భారత వర్తకులు శివాలయం కట్టించారు. 1281 నాటి తమిళ శాసనం అక్కడ దొరికింది. ఆ ఊరి కైయువాన్ బౌద్ధాలయ స్తంభాల మీద మద్దిచెట్లను కూల్చే బాలకృష్ణుడు ఉన్నాడు. ఆ ఫొటో తెర మీద పడితే మన పిల్లలకు కథ ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్లే చెబుతారు.

దున్‌హువాంగ్ గుహల బౌద్ధ చిత్రాలను 2016 నుంచి ‘డిజిటల్ దున్‌హువాంగ్’ వెబ్‌సైటులో గుహలోపల నిలబడినట్టే చూడవచ్చు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన పాట్రిషియా ఎబ్రీ చైనా నాగరికతపై రూపొందించిన చిత్రపాఠాలు ఉపాధ్యాయుల కోసం ఉద్దేశించినవే. వివరాలు ఇంగ్లీషులో ఉన్నందున తెలుగులో విడమరచి చెప్పే పని మాత్రం మాస్టారిదే. నెట్ సరిగా అందని ఊళ్లలో ఫొటోలను ముందురోజే ఫోనులోకి దించుకుంటే సరి.

అయితే బొమ్మ కనబడగానే నమ్మరాదు. మన ధాన్యకటకానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ 645లో స్వదేశం చేరాడు. వీపున పుస్తకాల బుట్టతో కనబడే ఆయన ప్రసిద్ధ చిత్రం జపానులో శతాబ్దాల తర్వాత గీసినది. ఎప్పటిది, ఎక్కడిది, ఎవరు గీశారు అనే మూడు ప్రశ్నలూ ప్రతి బొమ్మకూ వేయించడం ఉపాధ్యాయుల బాధ్యత.

ఈ చదువు మార్కులతో ఆగేది కాదు. కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఇకమీదట ఈ తీరంలో చదును పనులు ఎక్కువవుతాయి. పచ్చపూత పెంకు ఎలా ఉంటుందో తెలియనివారికి అది మట్టిలో కలిసిపోయే చిల్లపెంకే. తెలిసిన పిల్లవాడు ఒక్కడున్నా గుర్తుపట్టి పెద్దలకు చెబుతాడు. పెంకు కనబడితే ఉన్నచోటనే ఉంచి, తహసీల్దారుకుగాని పురావస్తు శాఖకుగాని తెలియజేయాలి. ఏ లోతున, ఏ పొరలో దొరికిందన్నదే దాని వయసు చెబుతుంది. తీసి ఇంట్లో దాచుకుంటే ఆ సాక్ష్యం పోయినట్టే.