వరద తగ్గాక పొదుపు సంఘం ఎలా ఆదుకుంటుంది?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసింది. కింది అంతస్తు వాళ్లకు రూ.25 వేలు, పై అంతస్తుల వాళ్లకు రూ.10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇల్లు సర్దుకోవడానికి అది ఆసరా. మరి ఇంట్లోనే జాకెట్లు కుట్టి బతికే ఆమె మిషను, అమ్మకానికి తెచ్చిన చీరలు? సరిగ్గా అప్పుడే వడ్డీ వ్యాపారి తలుపు తడతాడు.

అతని కంటే ముందు అడగాల్సింది పొదుపు సంఘాన్ని. పట్టణాల్లో వీటిని మెప్మా చూస్తుంది. ఒక్కో సంఘంలో పది మంది, ఆపైన మహిళలు ఉంటారు. బస్తీలోని సంఘాలు కలిస్తే ఒక సమాఖ్య, వాటన్నిటికీ పైన పట్టణ సమాఖ్య. సంఘం మొదట తన పొదుపులోంచే అప్పిస్తుంది. చాలకపోతే బ్యాంకు లింకేజీ రుణం, లేదా 2011లో ఏర్పడిన స్త్రీనిధి. స్త్రీనిధికి దరఖాస్తు సమాఖ్య ద్వారానే వెళ్తుంది. 48 గంటల్లో డబ్బు అందించాలన్నది దాని లక్ష్యం. తాకట్టు అక్కర్లేదు, తోటి సభ్యుల నమ్మకమే పూచీ.

అయితే ఇది అప్పే, పరిహారం కాదు. పైగా వరద వచ్చాక సంఘం పెట్టుకుంటే వెంటనే బ్యాంకు రుణం రాదు. కనీసం ఆరు నెలలుగా సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాలు, పుస్తకాలు సక్రమంగా ఉన్నాయా అని బ్యాంకు చూస్తుంది. అద్దె ఇళ్లు మారుతూ తిరిగేవాళ్లు తరచూ తప్పిపోయేది ఇక్కడే.

పాత రుణం ఉంటే, విపత్తు ప్రాంతాల్లో వాయిదాల గడువు మార్చే వీలు బ్యాంకులకు ఉంది. అడగాలి, అదీ కిస్తీ తప్పకముందే. సంఘంలో చేరాలంటే మీ వార్డు ఆర్పీని కలవండి.