నేల లేని ఊరికి సంత కళ వచ్చేదెలా?

వీధులు వేసుకున్నారు. కూడళ్లు, దుకాణాలు కట్టుకున్నారు. రాజ్యాంగం రాసుకున్నారు, ఎన్నికలు పెట్టుకున్నారు. లేనిదల్లా కాలు మోపేందుకు నేల ఒక్కటే. అమెరికాకు చెందిన లిండెన్ ల్యాబ్ సంస్థ 2003లో ప్రారంభించిన 'సెకండ్ లైఫ్' అనే మిథ్యా ప్రపంచంలో కొందరు కలిసి నిర్మించుకున్న స్వపరిపాలక పట్టణం సంగతి ఇది. కంప్యూటరు తెర మీద తప్ప మరెక్కడా కానరాని ఈ ఊరికి, నెల తిరిగేసరికి అసలు డాలర్లలో అద్దె చెల్లించక తప్పదు. చెల్లించలేని నాడు వీధులతో సహా ఊరే మాయమవుతుంది. అందుకే అక్కడ వ్యాపారాభివృద్ధి అన్నది ఎన్నికల వాగ్దానంగా మిగలలేదు, ఊరి మనుగడకే ముడిపడిన సమస్య అయింది.

2021 అక్టోబరులో ఫేస్‌బుక్ సంస్థ తన పేరును 'మెటా'గా మార్చుకున్న తరువాత 'మెటావర్స్' అన్న మాట మన పట్టణాల్లోనూ వినవచ్చింది. అందులో స్థలాలు కొనవచ్చని, దుకాణాలు తెరవవచ్చని ప్రచారం సాగింది. ఆ ప్రయోగం అంతకు పదిహేనేళ్ల ముందే జరిగిందని, దాని లాభనష్టాలు అప్పుడే తేలాయని తెలిసినవారు తక్కువ.

అసలు సొమ్ముకు అల్లిక బజారు

సెకండ్ లైఫ్‌లో చేరిన ప్రతివారికీ తెర మీద ఒక బొమ్మ రూపం ఉంటుంది. దానిని 'అవతార్' అంటారు. మన అవతారమే ఇంగ్లిషు మీదుగా చుట్టి వచ్చిన మాట ఇది. ఆ రూపంతో నడవవచ్చు, ఎగరవచ్చు, పక్కవారితో మాట్లాడవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. గెలుపు ఓటములు లేవు కనుక దీనిని ఆట అనడానికి వీల్లేదు.

ఇందులోని చొక్కా మొదలు మేడ దాకా దాదాపు అన్నీ వాడుకదారులే తయారు చేస్తారు. తయారు చేసినదానిపై మేధోహక్కులు తయారీదారుకే ఉంటాయని 2003 నవంబరులో సంస్థ ప్రకటించింది. ఈ ఒక్క నిర్ణయంతో అక్కడ బజారు పుట్టింది. 'లిండెన్ డాలరు' పేరిట చలామణి అయ్యే నాణెం ఒకటి ఉంది. దానిని అసలు డాలర్లలోకి మార్చుకునేందుకు 2005లో 'లిండెక్స్' అనే మారకపు కేంద్రం తెరిచారు. ఒక అమెరికా డాలరుకు సుమారు 250 లిండెన్ డాలర్లు లభించేవి.

2006 మే నెలలో 'బిజినెస్ వీక్' పత్రిక, సెకండ్ లైఫ్‌లో స్థలాల వ్యాపారం చేసే 'ఆన్షె చుంగ్' అనే అవతార్ బొమ్మను ముఖచిత్రంగా వేసింది. దాంతో పెద్ద పెద్ద కంపెనీలు ఎగబడ్డాయి. పదేళ్లు పూర్తయిన సందర్భంగా 2013లో లిండెన్ ల్యాబ్ వెల్లడించిన లెక్కల ప్రకారం, అప్పటికి వాడుకదారుల మధ్య జరిగిన లావాదేవీల విలువ 320 కోట్ల డాలర్లు.

రాజ్యాంగం గల పట్టణం

ఈ ప్రపంచంలో స్థలం కొన్నవారు ఎవరికి తోచినట్టు వారు కట్టుకునేవారు. కోట పక్కన జూదశాల, దాని పక్కన రాకెట్ కేంద్రం వెలిసేవి. ఈ గజిబిజికి విరుగుడుగా 2004లో 'నోయాల్టెన్‌బర్గ్' అనే పట్టణం రూపుదిద్దుకుంది. మంచు కొండల నడుమ, జర్మనీలోని బవేరియా ప్రాంతపు పాతకాలపు నగరాన్ని పోలి ఉండేలా దానిని నిర్మించారు. తరువాత అది 'నోయిఫ్రైస్టాట్' అయింది. రోమన్ నగరాన్ని తలపించే 'కొలోనియా నోవా' దానికి జతపడింది. ఈ ఊళ్ల కూటమికి 'కాన్ఫెడరేషన్ ఆఫ్ డెమోక్రటిక్ సిమ్యులేటర్స్' అని పేరు పెట్టుకున్నారు.

స్థలం ఉన్నవారే ఇక్కడ పౌరులు. ఏడాదికి రెండు పర్యాయాలు ప్రతినిధుల సభకు ఎన్నికలు జరిపేవారు. రాజ్యాంగాన్ని వ్యాఖ్యానించేందుకు వేరుగా ఒక మండలి ఉండేది. నిర్మాణాలు, పద్దులు మొదట్లో చేతిపనివారి సంఘం చూసేది. తరువాత పాలనా బాధ్యతలు చాన్సలర్ అనే పదవికి మారాయి. మన గ్రామ పంచాయతీకి పాలకవర్గం, కార్యదర్శి ఉన్నట్టే అనుకోవచ్చు. తేడా అల్లా ఆదాయంలోనే ఉంది. మన పంచాయతీకి ఇంటి పన్నుతో పాటు సంత వేలం సొమ్ము, ప్రభుత్వ నిధులు వస్తాయి. ఆ ఊరికి స్థలాల నెలవారీ రుసుమే ప్రధానాధారం.

ఖాళీ స్థలమే అసలు శత్రువు

ఊరి ఆర్థిక స్థితి అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. సెకండ్ లైఫ్‌లో ఒక ద్వీపం విస్తీర్ణం 65,536 చదరపు మీటర్లు. 2006 నవంబరు తరువాత కొత్తగా తీసుకునే ద్వీపానికి మొదట 1,675 డాలర్లు, ఆపైన నెలకు 295 డాలర్లు లిండెన్ ల్యాబ్‌కు చెల్లించవలసి వచ్చేది. అంతకుముందు నెలసరి రుసుము 195 డాలర్లే.

ఉదాహరణకు ద్వీపంలో సగం వీధులకు, కూడళ్లకు పోయిందనుకుందాం. మిగిలిన సగంలో 512 చదరపు మీటర్ల స్థలాలు 64 వస్తాయి. అన్నీ నిండితే ఒక్కొక్కరిపై నెలకు పడే భారం సుమారు 4.60 డాలర్లు. పదహారు స్థలాలు ఖాళీ అయితే మిగిలిన 48 మంది 6.15 డాలర్ల వంతున భరించాలి. భారం పెరిగిన కొద్దీ మరికొందరు వెళ్లిపోతారు. వారు వెళ్లిన కొద్దీ భారం ఇంకా పెరుగుతుంది. ఊరు ఖాళీ కావడం ఒకసారి మొదలైతే ఆగడం కష్టమన్నది ఇందుకే.

దుకాణదారు వైపు నుంచి చూస్తే, 4.60 డాలర్లంటే 1,150 లిండెన్ డాలర్లు. చొక్కా ఒకటి వందకు అమ్మితే, నెలకు పన్నెండు అమ్మాకనే అద్దె గడుస్తుంది. ఆ పన్నెండో చొక్కాతోనే కాస్త లాభం మొదలు. పన్నెండు మంది కొనుగోలుదారులు గడప తొక్కని వీధిలో ఏ వ్యాపారీ నిలవడు.

మరో చిక్కు కూడా ఉంది. అప్పట్లో ఒక ద్వీపంలో 15,000 నిర్మాణ ఖండాలకు మించి పెట్టే వీలు లేదు. గోడ, కిటికీ, కుర్చీ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. దుకాణాలకు ఎక్కువ ఇస్తే ఇళ్లకు తగ్గుతుంది. ఒకేసారి ఒక ద్వీపంలో ఉండగల అవతార్ల సంఖ్యకూ సుమారు వంద దగ్గర హద్దు ఉంది. జనం పెరిగితే కదలికలు నెమ్మదిస్తాయి. అంటే జాతర బాగా జరిగిందంటే ఊరు స్తంభించిందన్నమాటే.

దారి మారితే బేరం మారుతుంది

బైపాస్ రోడ్డు పడితే పాత రోడ్డు మీది హోటళ్లు వెలవెలబోవడం మన జిల్లాల్లో చూస్తున్నదే. అచ్చంగా అదే అక్కడా జరిగింది. మొదట్లో దూర ప్రాంతాలకు వెళ్లదలచినవారు 'టెలీహబ్' అనే కేంద్రాల్లోనే దిగవలసి వచ్చేది. అవి బస్టాండ్ల వంటివి. చుట్టుపక్కల స్థలాలకు విపరీతమైన ధర పలికేది, బజార్లన్నీ అక్కడే వెలిశాయి. 2005 డిసెంబరులో సంస్థ ఈ పద్ధతి మార్చి, ఎవరైనా కోరిన చోటికి నేరుగా చేరుకునే వీలు కల్పించింది. దాంతో టెలీహబ్‌ల పక్కన స్థలాలకున్న గిరాకీ పోయింది.

2009 జనవరిలో రెండో దెబ్బ తగిలింది. సెకండ్ లైఫ్ వస్తువులను వెబ్‌లో అమ్మే 'ఎక్స్‌స్ట్రీట్' అనే వేదికను లిండెన్ ల్యాబ్ కొనుగోలు చేసింది. వస్తువు కావాలంటే దుకాణానికి నడిచి వెళ్లనక్కర లేకుండా పోయింది. అమ్మకానికి వీధితో పని లేనప్పుడు వ్యాపారి వీధికి అద్దె ఎందుకు కట్టాలి? ఊరి పెద్దల ముందు నిలిచిన అసలు ప్రశ్న ఇదే.

అద్దె జనంతో సంత నిండదు

జనాన్ని రప్పించేందుకు అడ్డదారులు కూడా పుట్టాయి. ఏ స్థలంలో ఎంతసేపు ఎందరు ఉన్నారన్న లెక్కను బట్టి వెతుకులాటలో దుకాణాల వరుస మారేది. ఇది గ్రహించిన కొందరు 'క్యాంపింగ్ కుర్చీలు' వేశారు. కుర్చీలో ఊరికే కూర్చున్న అవతార్‌కు నిమిషాల లెక్కన చిల్లర ఇచ్చేవారు. లారీల్లో తరలించిన జనంతో సభ నింపడానికీ దీనికీ తేడా లేదు. కూర్చున్నవాడు చిల్లర తీసుకుపోయాడే తప్ప చొక్కా కొనలేదు. యంత్రాలే నడిపే ఉత్తుత్తి అవతార్లతో లెక్క పెంచడంపై 2009లో సంస్థ ఆంక్షలు విధించవలసి వచ్చింది.

పెద్ద కంపెనీల అనుభవమూ ఇందుకు భిన్నం కాదు. 2006లో ఆర్భాటంగా దుకాణం తెరిచిన 'అమెరికన్ అపారెల్' దుస్తుల సంస్థ మరుసటి ఏడాదే మూసివేసింది. కట్టడం ఎంత అందంగా ఉన్నా, లోపల పలకరించే మనిషి లేకపోతే రెండోసారి ఎవరూ రారని తేలిపోయింది.

స్వపరిపాలక పట్టణానికి ఉన్న మేలు ఇక్కడే కనిపిస్తుంది. అక్కడ మనుషులున్నారు. ఎన్నికల వాదోపవాదాలు, ఉత్సవాలు, సంగీత సభలు, ఇరుగుపొరుగు కబుర్లు ఉన్నాయి. సరుకు వెబ్‌లో దొరుకుతుంది గాని ఊరు దొరకదు. కొత్తగా వచ్చిన చేతిపనివారికి తక్కువ అద్దెకు చిన్న అంగళ్లు ఇవ్వడం, ఉత్సవం రోజు ఆ అంగళ్లనే ముందు వరుసలో నిలపడం, వచ్చినవారికి దారి చూపేందుకు ఒకరు అందుబాటులో ఉండడం వంటివి ఇలాంటి చోట ఫలించే పనులు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావలసిన పనులివి.

నమ్మకమే పెట్టుబడి

ఎదుటివారి అసలు పేరే తెలియని చోట అప్పు ఎవరిస్తారు? ఒప్పందం తప్పితే ఎవరిని నిలదీస్తారు? 2007లో ఈ ప్రశ్న ఖరీదుగా తేలింది. అధిక వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు సేకరించిన 'గింకో ఫైనాన్షియల్' అనే మిథ్యా బ్యాంకు, ఆ ఏడాది జులైలో జూదంపై నిషేధం వెలువడిన వెంటనే ఉపసంహరణల తాకిడికి తట్టుకోలేక ఆగస్టులో చేతులెత్తేసింది. డిపాజిటర్లకు రావలసినది సుమారు 20 కోట్ల లిండెన్ డాలర్లు, అంటే దాదాపు ఏడున్నర లక్షల అసలు డాలర్లు. 2008 జనవరిలో లిండెన్ ల్యాబ్, బయటి ప్రపంచంలో ప్రభుత్వ అనుమతి లేని బ్యాంకింగ్‌ను నిషేధించింది.

చిన్న వ్యాపారులకు కూడా నమ్మకం కరవైన రోజులవి. ఇతరుల సరుకును నకలు తీసే 'కాపీబాట్' అనే ఉపకరణం 2006 నవంబరులో బయటపడగానే ఎందరో దుకాణాలు మూసి నిరసన తెలిపారు. కొందరు చిన్న చిన్న స్థలాలు కొని, వికారమైన ప్రకటనల స్తంభాలు పాతి, అవి తీయించుకోవాలంటే పక్కవారు అధిక ధరకు కొనక తప్పని స్థితి తెచ్చేవారు.

కట్టడాల తీరుపై నిబంధనలు, తగవు వస్తే వినే మండలి, పద్దులు అడిగే సభ ఉన్న ఊరిలో ఇటువంటి బెడద తక్కువ. నిబంధనలు వ్యాపారానికి అడ్డంకి అన్న వాదన అక్కడా వినిపించింది. పెద్ద బోర్డులు పెట్టనివ్వని ఊళ్లో సరుకు ఎలా అమ్ముడవుతుందన్నది దుకాణదారుల మాట. కాని పక్క స్థలంలో రేపు ఏం లేస్తుందో తెలిసి ఉండడమే ఆ ఊరు అమ్మగలిగిన అసలు సరుకు. ఆ భరోసా కోసమే జనం అక్కడ స్థలం తీసుకున్నారు. బోర్డుల కోసం దానిని వదులుకుంటే మిగిలేది మరో మామూలు బజారే.

పైవాడి దయ

ఇంత చేసినా ఊరి చేతిలో లేనిది ఒకటుంది. ఎన్ని ఎన్నికలు జరిపినా, లిండెన్ ల్యాబ్ దస్త్రాల్లో ద్వీపం ఏదో ఒక ఖాతా పేరిటే నమోదవుతుంది. ఆ ఖాతాదారు రుసుము కట్టడం మానేస్తే సభ తీర్మానాలు అక్కరకు రావు. రుసుము పెంచినా, పద్ధతి మార్చినా ఊరివారి ఓటు చెల్లదు. 2007 సెప్టెంబరులో ఐరోపా వాడుకదారులపై అక్కడి విలువ ఆధారిత పన్ను వసూలు మొదలైనప్పుడు, వారికి అదే స్థలం ఒక్కసారిగా ప్రియమైంది. 2018లో ద్వీపం నెలసరి రుసుమును 249 డాలర్లకు తగ్గించినదీ ఆ సంస్థే. పెంపూ తగ్గింపూ రెండూ పైనుంచి వచ్చినవే.

కాబట్టి ఇటువంటి సమాజానికి అభివృద్ధి ప్రణాళిక అంటే ముందుగా జమాఖర్చుల ప్రణాళికే. కొన్ని నెలల అద్దెకు సరిపడా నిల్వ ఉంచుకోవడం, పద్దులు అందరి ఎదుట పెట్టడం, ఉన్న స్థలాలు నిండకుండా మరో ద్వీపానికి ఎగబడకపోవడం అందులో మొదటి సూత్రాలు. వీధి కళకళలాడడం ఆ తరువాతి మాట.

ఒకరి వేదిక మీద దుకాణం పెట్టుకున్న ప్రతివారికీ ఇది వర్తిస్తుంది. చీరలో, పచ్చళ్లో, వీడియోలో ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్ముకుంటున్న మన జిల్లాల చిరువ్యాపారులు కూడా ఒక విధంగా ఇలాంటి ద్వీపాల మీదే ఉన్నారు. వెతుకులాట వరుస మారితే బేరం మారుతుంది, కమీషను పెరిగితే లాభం హరిస్తుంది. వేదిక మారినా వెంట వచ్చేది ఒక్కటే, కొన్నవారితో కుదిరిన పరిచయం. నేల లేని ఊరివారికి చివరికి మిగిలిన ఆస్తి కూడా అదే.